మ్యాకింటాష్ క్లాసిక్‌ను నెట్‌కు కలిపే ముందు

అనంతపురం

చిరంజీవి హరికి,

పెద్దనాయన ఆశీస్సులు. బెంగళూరులో ఆపిల్ వాళ్ల పాత కంప్యూటర్ మ్యాకింటాష్ క్లాసిక్ కొన్నావని, దాన్ని నెట్‌కు కలపాలని చూస్తున్నావని మీ నాయన చెప్పాడు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా.

అబ్బీ, తొందరపడి కరెంటు పెట్టొద్దు. వెనక రాసిన వోల్టేజీ చూడు. 110 అని ఉంటే మన 230కి అది ఒక్క చప్పుడుతో పోతుంది. తర్వాత మూత విప్పు. పైన పిడి దగ్గర రెండు మరలు లోతుగా ఉంటాయి, వాటికి పొడుగు మెడ ఉన్న టీ15 టార్క్స్ (నక్షత్రం మొన) స్క్రూడ్రైవర్ కావాలి. లోపల బోర్డు మీద పొట్టి 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ కనిపిస్తుంది, ముందు దాన్ని పీకేయ్. కమలానగర్‌లో డీటీపీ షాపు నడిపినప్పుడు ఎన్నో పెళ్లిళ్ల శుభలేఖలు కొట్టిన నా క్లాసిక్‌ను, షాపు మూశాక బ్యాటరీతో సహా అటకెక్కించా. ఏళ్ల తర్వాత దింపి చూస్తే బోర్డు ఉప్పు పట్టిన గోడలా ఉంది! అది నా నిర్లక్ష్యమే.

పిక్చర్ ట్యూబ్ జోలికి మాత్రం పోవద్దు. స్విచ్ ఆపినా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. పాత టీవీలు బాగుచేసే మనిషి మీ కర్నూల్లో ఎవరో ఒకరు ఉంటారు, ఆయన్ను పిలువు. తెర మీద చారలో గళ్లో వస్తే సాధారణంగా బోర్డు మీది కెపాసిటర్లు (కరెంటు నిలిపే చిన్న భాగాలు) కారినట్టు, అవీ ఆయన చేతే మార్పించు.

హార్డ్ డిస్క్ తిరక్కపోయినా దిగులు పడకు. కమాండ్, ఆప్షన్, ఎక్స్, ఓ అనే నాలుగు మీటలూ నొక్కిపట్టి ఆన్ చేస్తే రోమ్ చిప్పులో (చెరగని మెమరీ) దాచిన సిస్టమ్ 6.0.3 అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో లేస్తుంది. 1990 నాటి మిషన్లో ఈ ఏర్పాటు ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటే. నెట్‌కు మాత్రం సిస్టమ్ 7 వేసుకో, మెమరీ 4 ఎంబీ చెయ్. అంతకు మించి అది పట్టదు.

ఇక అసలు పని. క్లాసిక్‌లో నెట్‌వర్క్ కార్డు పెట్టే స్లాట్ లేదు. వైఫై ఉన్న బ్లూస్కజీ (పాత హార్డ్ డిస్క్ బదులు పెట్టే చిన్న బోర్డు) కొంటే అది పాత డేనాపోర్ట్ ఈథర్‌నెట్ పెట్టెలా నటిస్తుంది, పని సులువు. కానీ నువ్వు ముందు సీరియల్ దారిలోనే పో. ఎక్కడ తెగిందో అందులో కంటికి కనబడుతుంది. వెనక ఫోను బొమ్మ ఉన్న 8 పిన్నుల పోర్టు నుంచి యూఎస్‌బీ సీరియల్ ముక్క ద్వారా రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌కు తీగ వెయ్యి. ఇటు పంపే తీగ అటు అందుకునే పిన్నుకు పోవాలి.

సీరియల్ తీగ మీద నెట్ నడిపే పద్ధతి పీపీపీని అప్పుడే మొదలుపెట్టకు. రెండు వైపులా వేగం 9600 (సెకనుకు బిట్లు) పెట్టి, మ్యాక్‌లో జెడ్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో నువ్వు కొట్టిన అక్షరం రాస్ప్‌బెరీ పైలో కనిపించే దాకా ఆగు. నేను ఇది దాటేసి నేరుగా పీపీపీకి పోయి నాలుగు రాత్రులు పోగొట్టుకున్నా. చూస్తే రెండు తీగలు తారుమారు.

అక్షరాలు వచ్చాక పైలో పీపీపీడీ, మ్యాక్‌లో మ్యాక్‌టీసీపీ, మ్యాక్‌పీపీపీ అనే నెట్ ప్రోగ్రాంలు పెట్టు. మ్యాక్‌టీసీపీలో అడ్రస్‌కు సర్వర్ అని ఎంచుకో, డీఎన్‌ఎస్ (సైటు పేరును నంబరుగా మార్చే సర్వర్) నంబరు చేత్తో కొట్టు, రీస్టార్ట్ చెయ్. ఏం చేసినా మొరాయిస్తే మ్యాక్‌టీసీపీ డీఎన్‌ఆర్, మ్యాక్‌టీసీపీ ప్రెప్ అనే రెండు ఫైళ్లూ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చెయ్, అవి కొత్తగా పుడతాయి.

బ్రౌజర్‌కు మ్యాక్‌వెబ్ చాలు. నెట్‌స్కేప్ బ్రౌజర్‌కు 68020 ప్రాసెసర్ కావాలి, మనది 8 మెగాహెర్ట్జ్ 68000. ఈ కాలం సైట్ల తాళాలు (హెచ్‌టీటీపీఎస్ గుప్తలిపి) దానికి రావు కాబట్టి పైలో మ్యాక్‌ప్రాక్సీ పెట్టు, అది తాళం తీసి ఉత్త పేజీని అందిస్తుంది. లేదా పాత కంప్యూటర్ల కోసం పేజీలను తేలిక చేసి ఇచ్చే ఫ్రాగ్‌ఫైండ్ సైటు తెరువు. 9600లో సెకనుకు 960 బైట్లే, అంటే 100 కేబీ ఫొటోకు దాదాపు రెండు నిమిషాలు. తెలుగు పేజీ తెరిస్తే పిచ్చి గుర్తులే వస్తాయి, మిషన్ చెడిందని టెన్షన్ పడకు.

నేను అతికించుకున్న సీరియల్ కేబుల్ ఇక్కడ ఊరికే పడి ఉంది. మీ పెద్దమ్మ వచ్చే వారం కర్నూలు వస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతా. ఏ తీగ ఎటో రంగులతో సహా కాగితం మీద రాసి దానికే చుట్టా, ఆ కాగితం పారేయకు.

మీ పెద్దనాయన