మిర్యాలగూడలో మూతపడ్డ రైస్ మిల్లును ఆర్ట్ మ్యూజియం చేస్తే జనం వస్తారా?

వస్తారు. అయితే మొదటిసారి వచ్చేది ఎక్కువగా మిల్లును చూడ్డానికే. పాత ఫ్యాక్టరీలో నడిచే మ్యూజియం ఎవరైనా చూశారా అని కూడా అడిగారు కదా. లండన్‌లో చదువుకునే రోజుల్లో నేను టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియానికి తరచూ వెళ్లేవాణ్ని. మాదీ మిర్యాలగూడే, మా పెదనాన్నది ఉప్పుడు బియ్యం మిల్లు. అందుకేనేమో, అక్కడ నా చూపు బొమ్మల మీద కంటే పైకప్పు మీదే ఎక్కువ ఉండేది.

అది థేమ్స్ ఒడ్డున ఆయిల్‌తో నడిచిన బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. 1981లో మూతపడింది, 2000లో మ్యూజియంగా తెరిచారు. టర్బైన్లు పీకేశారు గానీ, అవి ఉన్న హాలును గదులుగా ముక్కలు చేయలేదు. 155 మీటర్ల పొడవు, 35 మీటర్ల ఎత్తు. పిల్లలు ఆ నేల మీద దొర్లుతుంటే ఎవరూ ఏమీ అనరు. నేనున్నప్పుడు భవనంలో ఒక పక్క సబ్‌స్టేషన్ ఇంకా నడిచేది. కాసేపు నిలబడి వింటే ట్రాన్స్‌ఫార్మర్ల మోత సన్నగా వినిపించేది.

2010లో చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ ఆ హాల్లో పది కోట్ల పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. అన్నీ పింగాణీవే, చేత్తో రంగు వేసినవే. కళ్లంలో వడ్లు ఆరబోసినట్టే ఉంది చూడ్డానికి. అంచున కూర్చుని చూస్తే ఏ రెండు గింజల చారలూ ఒక్కలా లేవు. మొదట్లో జనాన్ని వాటి మీద నడవనిచ్చారు, దుమ్ము లేస్తోందని కొద్ది రోజులకే ఆపేశారు. ఊక దుమ్ములో పెరిగినవాడికి ఆ కారణం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు!

ఇక మీ మిల్లు సంగతి. వడ్లు పోసే హాపరు, వాటిని పైకెత్తే ఎలివేటరు, పొగగొట్టం తుక్కు కింద అమ్మేయకండి. ఫాల్స్ సీలింగ్ జోలికి పోకండి. పైన సిమెంటు రేకులుంటే ముందు వాటిలో ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు పీచు ఉందేమో తేల్చుకోండి. పగలగొట్టినా, డ్రిల్ చేసినా ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

టేట్‌లో సొంత సేకరణ చూడ్డానికి డబ్బులు తీసుకోరు, ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్. మీరూ అలాగే చేయండి, లేకపోతే ఆ మిల్లులో బస్తాలు మోసిన హమాలీల ఇళ్ల నుంచి ఒక్కరూ గేటు దాటరు. కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం ఏటా ఎవరు కడతారో కాగితం మీద తేలాకే రిబ్బన్ కటింగ్ పెట్టుకోండి.