గేర్ బటన్: గాలిదా, కరెంటుదా?

ప్రశ్న: వారమంతా రోడ్డు మీద తిరిగే బైకునే అప్పుడప్పుడు డ్రాగ్ రేసుకు తీసుకెళ్తాను సార్. పుష్ బటన్ షిఫ్టర్ (కాలితో కాకుండా బటన్ నొక్కి గేరు మార్చేది) పెట్టిద్దామనుకుంటున్నా. ఎయిర్ షిఫ్టర్ మేలా, ఎలక్ట్రిక్ మేలా?

జవాబు: రోడ్డు వాడకమే ఎక్కువైతే నా ఓటు ఎలక్ట్రిక్‌కే. ఎయిర్ షిఫ్టర్‌లో బటన్ నొక్కగానే వాల్వ్ తెరుచుకుని, సీసాలోని గాలి చిన్న సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది, అది గేర్ లివర్‌ను కదుపుతుంది. దెబ్బ బలంగా, ప్రతిసారీ ఒకేలా పడుతుంది కాబట్టే డ్రాగ్ రేసర్లకు అదంటే అంత ఇష్టం. కానీ సీసాలో ప్రెషర్ తగ్గితే గేరు సగంలో ఆగిపోవచ్చు, ట్రాఫిక్‌లో ఆ టెన్షన్ మీకెందుకు? ఎలక్ట్రిక్‌లో ఆ పని సోలెనాయిడ్ (కరెంటు పారితే లోపలి కడ్డీని లాగే తీగచుట్ట) చేస్తుంది, గాలి నింపే గొడవ లేదు. బ్యాటరీ, ఛార్జింగ్ మాత్రం గట్టిగా ఉండాలి, ఎందుకంటే నొక్కిన ఆ క్షణంలో అది కరెంటు బాగా లాగుతుంది.

ఏది కొన్నా ఇగ్నిషన్ కిల్ (స్పార్క్‌ను క్షణం పాటు ఆపే ఏర్పాటు) తప్పనిసరి. గేరు మారే ఆ కొన్ని పదుల మిల్లీసెకన్లు ఇంజిన్ మంట ఆగితేనే గేర్ల మీద లోడు తగ్గి అవి విడివడతాయి. ఆ టైమ్ మరీ తక్కువ పెడితే గేర్లను పక్కకు జరిపే షిఫ్ట్ ఫోర్కులు వంగుతాయి, గేర్లను ఒకదానికొకటి పట్టించే పళ్లు, అంటే డాగ్స్, అరుగుతాయి (నిజంగా ఖర్చు మోపెడయ్యేది ఇక్కడే), ఎక్కువ పెడితే బైకు కుదుపుతుంది. అందుకే ఆ టైమ్ మార్చుకునే వీలున్న కిల్ మాడ్యూలే తీసుకోండి.

చాలామంది హారన్ బటన్‌నే షిఫ్టర్‌కు కలిపేస్తారు. రోడ్డు బైకుకు దయచేసి అలా చేయకండి, వేరే బటన్ పెట్టించండి.