‘సెవరెన్స్’ సిరీస్‌లో పీటీ ఎందుకు చనిపోయాడు?

2022లో వచ్చిన మొదటి సీజన్ సంగతి ఇది (స్పాయిలర్లు ఉన్నాయి). లూమన్ కంపెనీలో కొందరి మెదడులో చిప్ పెడతారు. ఆఫీసు లిఫ్ట్ దిగితే ఇల్లు గుర్తుండదు, బయటికొస్తే ఆఫీసు గుర్తుండదు. ఒకే ఒంట్లో ఇద్దరన్నమాట. అక్కడే పనిచేసిన పీటీ రహస్యంగా ఆ రెండు జ్ఞాపకాలనీ మళ్లీ కలిపించుకున్నాడు. అది మెదడు తట్టుకోలేకపోయింది. తన సహోద్యోగి మార్క్ ఇంటి బేస్‌మెంట్‌లో నిలబడే ఆఫీసులో ఉన్నాననుకుంటాడు, ఏది ఇప్పుడో ఏది అప్పుడో తెలియదు. చివరికి ఓ దుకాణం దగ్గర కుప్పకూలిపోతాడు.

కానీ నా దృష్టిలో అసలు మూల్యం చెల్లించేది అక్కడ కొత్తగా చేరిన హెల్లీ. లోపలి హెల్లీ రాజీనామా ఇస్తే బయటి హెల్లీ ఒప్పుకోదు. పైగా నువ్వసలు మనిషివే కాదని వీడియోలో మొహం మీదే చెబుతుంది, అదీ తన మొహంతోనే! ఆ సీన్ చూశాక కాసేపు టెన్షన్ తగ్గదు. మార్క్ అయితే భార్య పోయిన దుఃఖం రోజుకి ఎనిమిది గంటలైనా మర్చిపోదామని చేరాడు. లోపలి మార్క్‌కి మాత్రం సాయంత్రం, నిద్ర, ఆదివారం ఏవీ ఉండవు. లిఫ్ట్ తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మళ్లీ ఆఫీసే. ఉద్యోగం మానేస్తే వాడు లేనట్టే.