పడమర ముఖం షాపులో షోకేసు బట్టలు ఎండకి వెలిసిపోతా ఉంటే ఏం చేయాలి? మా తిరుపతి షాపు అనుభవం

అన్నా, మీ ప్రశ్న నిన్న రాత్రి షాపు మూసినాక చదివినా. చిత్తూరులో పడమర ముఖం ఫ్యాన్సీ స్టోర్, పిల్లల బట్టలు కూడా పెట్టినారు, ముందర ఎనిమిది అడుగుల అద్దం, బొమ్మలకి వేసిన ఫ్రాకులు మూడు నెలలకే వెలిసిపోతా ఉన్నాయి, నల్ల ఫిల్మ్ వేయించాలా కర్టెన్ కట్టాలా, వెలిసిపోయినవాటికి మళ్ళీ రంగు వేయించొచ్చా అని అడిగినారు. మాది తిరుపతిలో చీరల షాపు. మొదటి ఏడేళ్ళు పడమర ముఖం అద్దె షాపులో ఉన్నాం, ఆ తర్వాత దక్షిణం ముఖం షాపుకి మారినాం. రెండు చోట్లా ఎండ దెబ్బ తగిలింది కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి చెప్పాల. షాపు పెట్టిన రెండో సంవత్సరం పుత్తూరు పక్క నుంచి ఒకామె కూతురి నిశ్చితార్థానికి చీర కోసం వచ్చింది, బొమ్మకి కట్టిన చిలకపచ్చ పట్టుచీర చూసి అదే కావాలనింది, ఆ రంగులో అదొక్కటే ఉండాది. మా ఇంటామె బొమ్మ మీద నుంచి తీసి కౌంటర్ మీద పరిచింది, చూస్తే కుచ్చిళ్ళ లోపల ముదురు పచ్చ, బయటికి ఉన్న చోటంతా ఎండిన ఆకు రంగు, చీర పొడుగునా చారలు చారలు. ఆమె ఒక్క మాట కూడా అనలా, కొంగు ఒకసారి చేత్తో నిమిరి, పోయొస్తాం అని లేచింది. ఆ రోజు సాయంత్రం షోకేసులో ఉన్నవన్నీ తీసి మడతలు విప్పి చూసినాం, పదకొండు చీరలు అదే పరిస్థితి. డబ్బు పోయింది సరే, నేసినాయన రోజుల తరబడి మగ్గం ముందర కూర్చుని నేసిన చీరని మేము అద్దం వెనక పెట్టి చెడగొట్టినామే అనే బాధ ఇప్పటికీ పోలేదు.

తర్వాత మొదట చేసిన పని మీరు ఇప్పుడు చేద్దాం అనుకుంటున్నదే, నల్ల ఫిల్మ్ వేయించడం. ఒకాయన వచ్చి యూవీ (ఎండలో ఉండే, కంటికి కనిపించని కిరణాలు) మొత్తం ఆగిపోతాది అని చెప్పి అద్దానికి అతికించి పోయినాడు. షాపు మూసేసినట్టు కనిపిస్తా ఉంది అని పక్క షాపోళ్ళే అన్నారు, రోడ్డు మీద పోయేవాళ్ళకి లోపల ఏముందో కనపడలా, చీరలు మాత్రం వెలుస్తానే ఉన్నాయి. నలుపుకీ యూవీకీ సంబంధం లేదన్నా, ఇది చాలామందికి తెలీదు. నల్లగా ఉంటే కంటికి కనిపించే వెలుతురు తగ్గుతాది అంతే, యూవీ ఆపేది దాంట్లో కలిపిన వేరే పదార్థం. నీళ్ళలాగా పారదర్శకంగా ఉండి 99 శాతం యూవీ ఆపే ఫిల్ములు ఉన్నాయి, కారు నలుపు ఉండి యూవీ సరిగ్గా ఆపని చౌక ఫిల్ములూ ఉన్నాయి.

మామూలు అద్దం అసలు ఏం ఆపదా అంటే, ఆపుతాది. ఎండలో ఉండే యూవీలో రెండు రకాలు మన దాకా వస్తాయి, యూవీబీ అని పొట్టిది, యూవీఏ అని పొడుగుది. మామూలు గాజు యూవీబీని చాలావరకు ఆపేస్తాది, యూవీఏ మాత్రం చాలా భాగం లోపలికి వచ్చేస్తాది. రంగులు విరగ్గొట్టేది యూవీ ఒక్కటే కూడా కాదు, మామూలు వెలుతురు కూడా రంగుని తినేస్తాది, వేడి దానికి తోడవుతాది. అందుకే 99 శాతం అని రాసున్న మంచి ఫిల్మ్ వేసినా మూడు నెలలకి పోయే రంగు ఇంకొంచెం ఎక్కువ రోజులు ఉంటాది గానీ పోకుండా ఉండదు. ఫిల్మ్ వేయించినాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు అని చెప్పడానికే ఇంత రాస్తున్నా.

ఫిల్మ్ మంచిదో కాదో కనుక్కోవడానికి మన కౌంటర్లోనే పరికరం ఉంది. దొంగనోట్లు చూసే ట్యూబ్ లైట్ మిషన్ ఉంటాది కదా, దాని వెలుతురులో నోటు పెడితే నంబర్లూ సన్న పోగులూ మెరుస్తాయి. ఫిల్మ్ అమ్మే ఆయన్ని చిన్న ముక్క అడిగి, ఆ ముక్కని నోటు మీద కప్పి లైట్ కింద పెట్టండి. మెరుపు ఆగిపోతే ఫిల్మ్ యూవీ ఆపుతున్నట్టు, ఇంకా మెరుస్తా ఉంటే ఆ ఫిల్మ్ మీకు వద్దు. కీచైన్‌కి వచ్చే వంకాయ రంగు చిన్న టార్చితో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు, దాంట్లో వచ్చేది దాదాపు మామూలు వెలుతురే, తప్పు ఫలితం చూపిస్తాది. మా పాత నల్ల ఫిల్మ్ ముక్క కింద నోటు బాగా మెరిసింది, అప్పుడు గానీ మోసం అర్థం కాలేదు.

వేయించేటప్పుడు చూసుకోవాల్సినవి ఇంకొన్ని. ముదురు ఫిల్మ్ ఎండ వేడిని అద్దంలోనే పట్టి పెడతాది, టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గాజు) కాని మామూలు అద్దానికి, అందులోనూ సగం నీడ సగం ఎండ పడే చోట, అద్దం పగిలే ప్రమాదం ఉంది, కాబట్టి మీది ఏ గాజో ముందు కనుక్కోండి. అతికించిన కొత్తలో నీటి బుడగలు, మసక కనిపిస్తాయి, కొన్ని వారాల్లో ఆరిపోతాయి, గోరుతో గీకొద్దు. అమోనియా ఉండే గ్లాస్ క్లీనర్లు వాడొద్దు, సబ్బు నీళ్ళు మెత్తటి గుడ్డ చాలు. ఒకవేళ అద్దమే కొత్తగా మార్చే ఆలోచన ఉంటే మధ్యలో పొర ఉండే లామినేటెడ్ గాజు అడగండి, ఆ పొరే యూవీని దాదాపు మొత్తం ఆపేస్తాది, విడిగా ఫిల్మ్ అక్కర్లేదు.

ఇప్పుడు కర్టెన్ సంగతి. షోకేసు వెనక, అంటే బొమ్మలకీ షాపుకీ మధ్య కట్టే కర్టెన్ వల్ల షాపు లోపల సరుకు బతుకుతాది, బొమ్మలకి మాత్రం ఒరిగేది ఏమీ లేదు, పైగా అద్దానికీ కర్టెన్‌కీ మధ్య వేడి నిలిచిపోయి అదొక పెట్టె లాగా కాగుతాది. ఎండని అద్దం బయటే ఆపాల. లోపలికి వచ్చినాక ఆపడం అంటే సగం పని మాత్రమే చేసినట్టు.

బయట అంటే అందరూ అద్దం పైన ముందుకి చాచి రేకు వేయించమంటారు. ఇక్కడే దిక్కు చూసుకోవాల అన్నా, నాకు ఈ విషయం ఎవరూ చెప్పలా, రెండు షాపులు మారినాక అర్థమయింది. పడమర ముఖానికి సాయంత్రం సూర్యుడు కిందికి దిగి అడ్డంగా కొడతాడు. మూడడుగుల రేకు ఉన్నా నాలుగున్నర గంటలకి అద్దం మీద పైన ఒక అడుగున్నర మాత్రమే నీడ పడతాది, మిగతా అద్దమంతా ఎండే, ఐదు దాటితే రేకు ఉన్నా లేనట్టే. అంటే మీకు కావాల్సింది నిలువుగా దిగే తెర. మేము పడమర షాపులో వెదురు తెర వేలాడదీసినాం, మధ్యాహ్నం రెండుకి దించి ఐదున్నర ఆరుకి చుట్టేసేవాళ్ళం, ఆ టైంలో రోడ్డు మీద జనం తక్కువ, మా బేరాలు ఆరు తర్వాతే కాబట్టి నష్టం ఏమీ రాలేదు. తెర మీద షాపు పేరు రాయించినాం, మూసినట్టు కనపడకుండా తలుపు పక్క రెండడుగులు వదిలేసినాం. వెదురు దొరక్కపోతే వ్యవసాయం షాపుల్లో, నర్సరీ వాళ్ళ దగ్గర షేడ్ నెట్ దొరుకుతాది, 50, 75, 90 శాతం అని అడిగి తీసుకోవచ్చు, 75 అయితే లోపల బొమ్మలు లీలగా కనిపిస్తాయి కూడా. రోడ్డు వైపు ఎంత దాకా రావచ్చో మాత్రం ఓనర్‌నీ మున్సిపాలిటీనీ ముందే అడగండి.

దక్షిణం షాపుకి మారినాక పడమర ఎండ బాధ పోయింది కదా అని సంతోషపడినాం. కత్తెర ఎండల్లో కూడా షోకేసులోకి ఎండ రాలా, ఎందుకంటే మన దగ్గర ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన గానీ కొంచెం ఉత్తరానికి గానీ ఉంటాడు. ధనుర్మాసం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి బాగా వంగినాడు, పన్నెండు గంటలకి ఏడడుగుల అద్దంలోంచి ఎండ ఐదడుగుల లోపలికి వచ్చి పడింది. చలికాలం ఎండ కదా హాయిగా ఉంది అని చూస్తా ఉన్నాం, సంక్రాంతికి తెచ్చిన సరుకులో నాలుగు చీరలు పోయినాయి. దక్షిణానికి రేకు బాగానే పని చేస్తాది, మూడడుగుల రేకు ఉంటే డిసెంబర్ మధ్యాహ్నం కూడా నాలుగడుగుల దాకా నీడ పడతాది, కింద మిగిలే మూడడుగుల్లో ఎండకి చెడని సరుకు పెట్టుకుంటే సరి. తూర్పు ముఖం వాళ్ళకి వాస్తు బాగుందంటారు గానీ పొద్దున పది పదకొండు దాకా వాళ్ళదీ పడమర షాపు కష్టమే, ఉదయం తెర దించుకోవాల.

షోకేసులో ఏం పెట్టాలి అనేది ఫిల్మ్ కంటే ముఖ్యం. పట్టు అన్ని బట్టల్లోకీ ఎండకి తొందరగా చెడేది, రంగు పోవడమే కాదు పోగు కూడా పెళుసెక్కుతాది. పసుపుతో అద్దిన రంగు ఎండలో నిలవదు, మన ఇళ్ళలో పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతాది కదా అదే కారణం. మీరు పెట్టే పిల్లల ఫ్రాకుల్లో మెరిసే నియాన్ పింకు, నియాన్ పచ్చ తొందరగా పోతాయి. శ్రీకాళహస్తి కలంకారీ మేము అసలు అద్దం దగ్గర పెట్టం, కరక్కాయ, చెట్ల వేర్ల రంగులతో చేత్తో గీసిన పని అది, దాన్ని ఎండలో పెట్టడానికి చేతులు రావు. మ్యూజియంలలో పాత బట్టలకి 50 లక్స్ (వెలుతురు కొలత) మించనివ్వరు, నేరుగా పడే ఎండ లక్ష లక్స్ దాకా పోతాది, అంత తేడా.

అట్టపెట్టెలు, పోస్టర్ల సంగతి మీరు రోజూ చూస్తానే ఉంటారు. తిరుపతిలో ఎన్ని షాపుల ముందర స్వామి పటాలు నీలంగా మారిపోయి ఉంటాయో. ప్రింటింగ్ ఇంకుల్లో పసుపు, ఎరుపు ముందు పోతాయి, నీలం, నలుపు మిగులుతాయి, అందుకే ఆ నీలి ఛాయ. బొమ్మల పెట్టెలు, క్రీముల పెట్టెలు అట్ల నీలం తిరిగితే లోపల సరుకు బాగున్నా జనం పాత స్టాక్ అనుకుంటారు.

మీది ఫ్యాన్సీ స్టోర్ కాబట్టి ఇంకొన్ని. లక్క గాజులు వేడికి మెత్తబడి వంకర పోతాయి. బొట్టుబిళ్ళల గమ్ము ఎండిపోతాది, రబ్బర్ బ్యాండ్లు సాగి తెగుతాయి. సెంటు స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దు, ఎండ తగలనివ్వొద్దు అని రాసే ఉంటాది, మూసిన షోకేసు పడమర ఎండలో చాలా వేడెక్కుతాది, నెయిల్ పాలిష్ కూడా మంట అంటుకునే సరుకే, రెండూ లోపలి అరల్లోకి మార్చేయండి. ముఖం పెద్దగా కనిపించే గుంట అద్దాలు, క్రిస్టల్ బంతులు కిటికీ దగ్గర అస్సలు వద్దు, అవి ఎండని ఒక చుక్క దగ్గరికి చేర్చి కాలుస్తాయి. మా పక్క షాపులో చెక్క మీద అట్ల నల్లటి గీత పడింది, కింద బట్ట ఉండుంటే ఏమయ్యేదో. స్టీలు, ఇత్తడి సామాన్లు, గాజు గాజులు ముందు వరసలో పెట్టుకోండి, వాటికి భయం లేదు.

మిగతావాటికి మేము చేసేది తిప్పడం. బొమ్మ కట్టిన రోజు తేదీ చిన్న టేపు మీద రాసి స్టాండ్ వెనక అంటిస్తాం, పది రోజులకి మార్చేస్తాం, పడమర షాపులో వారానికే మార్చేవాళ్ళం. ఒక చీర లోపలికి పోయి రెండు నెలలు చీకట్లో ఉన్నంత మాత్రాన కోలుకోదు, తగిలిన వెలుతురు అంతా లెక్కలో చేరతా పోతాది, కాబట్టి ఒకసారి షోకేసు ఎక్కిన పీసుని మళ్ళీ ఎక్కించం. ఒకే పీసు ఉన్న రంగుని బొమ్మకి కట్టం. కొత్త సరుకు వస్తే ఒక జాకెట్ గుడ్డ ముక్క తీసుకుని సగం మీద వెండి కాగితం చుట్టిన అట్ట పిన్ను కొట్టి అద్దానికి తగిలిస్తాం, పదిహేను రోజులకి అట్ట తీసి చూస్తే ఆ రంగు ఎండకి ఎంత ఆగుతాదో తెలిసిపోతాది. మీరు కూడా ఈ వారమే ఫ్రాకు గుడ్డల ముక్కలతో చేయండి, ఒకటి ఫిల్మ్ ముక్క వెనక, ఒకటి ఉత్త అద్దం వెనక పెడితే ఫిల్మ్ మీద డబ్బు పెట్టాలా వద్దా అనేది కూడా అక్కడే తేలిపోతాది. షోకేసులో పాత హాలోజెన్ బల్బులు ఉంటే తీసేసి ఎల్‌ఈడీ పెట్టండి, వేడి చాలా తగ్గుతాది, రాత్రి షాపు మూసినాక అవి కూడా ఆపేయండి.

డబ్బు తక్కువ ఉంది, ఒకటే చేయగలను అంటే నా మాట తెర. ఫిల్మ్ తర్వాతైనా వేయించుకోవచ్చు.

ఇంక వెలిసినవాటికి రంగు వేయించడం. కాటన్ అయితే ముదురు రంగు, నలుపో నేవీ బ్లూనో, అద్దకం వాళ్ళ దగ్గర వేయించొచ్చు, లేత రంగు వేస్తే పాత చారలు మళ్ళీ తేలతాయి. పాలిస్టర్, నెట్ ఫ్రాకులకి మామూలు అద్దకం పట్టదు, జరీ, లేసు ఉన్నవి పాడైపోతాయి, వాటి మీద ఖర్చు పెట్టొద్దు. మేము ఆ పదకొండు చీరల్లో వెలిసిన చోటు పక్కకి తీసేసి బాగున్న గుడ్డతో పిల్లలకి పట్టు లంగాలు కుట్టించినాం, మిగిలిన రెండు చీరలు ఎండకి వెలిసినాయి అని చీటీ రాసి పెట్టి తక్కువకి ఇచ్చినాం. చెప్పకుండా మాత్రం అమ్మొద్దన్నా, బిడ్డకి పండగ రోజు తొడిగేటప్పుడు ఆ చార కనిపిస్తే ఆ తల్లికి ఎట్ల ఉంటాదో మేము ఆ పుత్తూరు ఆమె ముఖంలో చూసినాం.