బంతి ఎవరిచ్చారో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం మొన్న పోస్టులో అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. తెలుగులో ఫుట్‌బాల్ మీద రాసేవాళ్లే తక్కువ. ఆ రాసేవాళ్లు కూడా మెస్సీ దగ్గరో రొనాల్డో దగ్గరో ఆగిపోతారు. నువ్వు ఏరికోరి సెర్బియా మిడ్‌ఫీల్డర్ మాటిచ్‌ని పట్టుకున్నావు చూడు, అక్కడే నాకు నీ మీద నమ్మకం కుదిరింది. గోల్స్ కొట్టడం తన పని కాని మనిషి గురించి పన్నెండు పేజీలు రాయాలనిపించడం చిన్న సంగతి కాదమ్మా.

అయితే ఆ పన్నెండు పేజీల్లో నాకు బంతి ఎక్కడా కనబడలేదు. డబ్బు కనబడింది. 2009లో లండన్ క్లబ్ చెల్సీ ఇతన్ని 15 లక్షల పౌండ్లకు కొంది. 2011 జనవరిలో బ్రెజిల్ డిఫెండర్ డేవిడ్ లూయిజ్ కోసం కుదిరిన బేరంలో ఇతన్ని లిస్బన్ క్లబ్ బెన్ఫికాకి వదులుకుంది. మూడేళ్లు తిరిగేసరికి, 2014 జనవరిలో, అదే చెల్సీ అదే మనిషిని 2 కోట్ల 10 లక్షల పౌండ్లు పోసి వెనక్కి తెచ్చుకుంది. 2017లో 4 కోట్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కి ఇచ్చేసింది. నీ లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క అంకె తప్పులేదు. కానీ 15 లక్షల మనిషి 2 కోట్ల మనిషి ఎలా అయ్యాడు? నీ వ్యాసం చదివేవాడు గుక్కతిప్పుకోకుండా అడిగే ప్రశ్న అదే. లిస్బన్‌లో గడిచిన ఆ కాలాన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నన్నడిగితే నీ వ్యాసంలో సగం అక్కడే ఉండాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి. పేపర్లో చేరిన కొత్తలో సికింద్రాబాద్‌లో ఒక లోకల్ ఫైనల్ రాయడానికి వెళ్లాను. ఒకటీ సున్నా. గోల్ కొట్టిన కుర్రాడి పేరు హెడ్డింగ్‌లో పెట్టాను, అతని ఫోటో వేశాం. మర్నాడు మైదానం పక్క టీ కొట్టు దగ్గర గెలిచిన జట్టు హాఫ్‌బ్యాక్, అంటే డిఫెన్స్ ముందు ఆడేవాడు, కనబడ్డాడు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, కుడి మడమకు గుడ్డకట్టు. చేతిలో మా పేపరే, నాలుగు మడతలు పెట్టి ఉంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. "బంతి ఎవరిచ్చారో రాయలేదు సార్" అన్నాడు, అంతే. గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు. ఆ బంతి ఇచ్చింది అతనే. ఇచ్చే ముందు ప్రత్యర్థి కాలి దగ్గర్నుంచి లాక్కున్నదీ అతనే. నేను చూశాను, నా నోట్‌బుక్‌లో కూడా ఉంది. రాయలేదు. ఇన్నేళ్లలో నేను రాసినవాటికంటే ఆ రాయని వాక్యమే నన్ను ఎక్కువసార్లు నిద్రలేపింది.

మాటిచ్ బతుకంతా ఆ రాయని వాక్యంలోనే ఉందని నా నమ్మకం. అందుకే నువ్వు అది రాయాలి.

అతని పని ఏమిటో ముందు నీకు తెలియాలి. మీ తాతగారిది వరి పొలం అన్నావు కదా. నీళ్లు వదిలిన రోజు ఆయన పార భుజాన వేసుకుని గట్టు మీద తిరగడం చూసే ఉంటావు. ఎక్కడ మడవ తిప్పాలో, ఎక్కడ మట్టి పెళ్ల వేసి మూసేయాలో చూసుకుంటూ ఉంటాడు. గండి పడ్డాక పరుగెత్తేవాడు కాదాయన, పడబోయే చోట ముందే నిలబడేవాడు. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ చేసేది అచ్చం అదే. ఎదుటి జట్టు దాడి వచ్చే దారిలో వాళ్లకంటే రెండడుగుల ముందు నిలబడతాడు. బంతి అందుకున్నాక మూడో క్షణంలో సరైన మనిషికి ఇచ్చేస్తాడు. అంతటితో అతను ఎవరికీ కనబడడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, ఎడమకాలి వాటం, పొడుగాటి కాళ్లు. ఆ కాళ్లు ఉన్నట్టుండి సాగి బంతిని తీసేసుకుంటాయి, అవతలివాడికి తెలిసేలోపే.

కానీ అతను పుట్టుకతో ఈ పనివాడు కాడు. నీ వ్యాసంలో తప్పిపోయిన కథ ఇదే. పుట్టింది 1988లో, షాబాత్స్‌లో. పెరిగింది ఊబ్ పట్టణం దగ్గర వ్రేలో అనే పల్లెలో. పెద్దల జట్టులో మొదట ఆడింది బొగ్గుగనుల ఊరు లాజరెవాత్స్ జట్టు కొలుబారాకి. పంతొమ్మిదేళ్లు నిండేసరికి స్లొవేకియాలో కొషిత్సే. పెద్ద క్లబ్బుల కుర్రాళ్లు నడిచే దారి కాదిది. 2009లో అండర్-21 యూరో పోటీల్లో పాదం ఎముక విరిగింది. ఆ గాయంతోనే చెల్సీలో అడుగుపెట్టాడు. అక్కడ తొలి విడతలో లీగ్‌లో ఆడింది రెండంటే రెండు మ్యాచ్‌లు, రెండూ సబ్‌స్టిట్యూట్‌గా. తర్వాత ఏడాది నెదర్లాండ్స్‌లో విటెస్సే జట్టుకి లోన్ మీద పంపారు. అప్పటికీ అతను ముందుండి ఆడే మిడ్‌ఫీల్డరే, గోల్‌పోస్ట్ వైపు చూసే మనిషే.

బెన్ఫికాలో కోచ్ జోర్జ్ జెజూస్ అతన్ని వెనక్కి తెచ్చాడు. డిఫెన్స్ ముందు నిలబడమన్నాడు. ఒక ఆటగాడికి ఇరవై మూడేళ్ల వయసులో నువ్వు ఇన్నాళ్లూ నేర్చింది పక్కన పెట్టి కొత్త పని నేర్చుకో అంటే ఎలా ఉంటుందో ఆలోచించు. గోల్‌పోస్ట్ ఎదురుగా ఉండాల్సినవాడు ఇప్పుడు దాన్ని వీపు వెనక పెట్టుకుని కాపలా కాయాలి. మొదటి ఏడాది ఆ స్థానంలో హావి గార్సియా ఉన్నాడు కాబట్టి మాటిచ్ ఎక్కువగా వంతు కోసం ఎదురుచూశాడు. 2012 వేసవి చివర్లో గార్సియా మాంచెస్టర్ సిటీకి, వెనువెంటనే ఇంకో మిడ్‌ఫీల్డర్ విట్సెల్ రష్యా క్లబ్ జెనిట్‌కి వెళ్లిపోయారు. మైదానం నడిమధ్య ఒక్కసారిగా ఖాళీ. బెన్ఫికా అభిమానులు గుండెలు పట్టుకున్న ఆ వారంలో ఈ పొడుగు మనిషి అక్కడికొచ్చి నిలబడ్డాడు. ఆ సీజన్ ముగిసేసరికి పోర్చుగల్ లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. ఆ పది నెలలు రాయి. ఎన్ని పేజీలైనా పట్టనీ.

2013 జనవరి 13న ప్రత్యర్థి క్లబ్ పోర్టో మీద అతను కొట్టిన వాలీతో నువ్వు మొదలుపెట్టావు. ఛాతీతో బంతిని దించుకుని, నేలను తాకకముందే ఎడమకాలితో కొట్టడం, అది ఏటా అందమైన గోల్‌కిచ్చే పుష్కాష్ అవార్డు ఓటింగ్‌లో ఇబ్రహిమోవిచ్ గోల్ తర్వాత రెండో స్థానంలో నిలవడం. బాగా రాశావు, కాదనను. కానీ అందరూ అక్కడే మొదలుపెడతారు. ఆ గోల్‌ని నీ వ్యాసం మధ్యకి తీసుకెళ్లు. కాపలా మనిషి ఎవరో ముందు తెలిసిన పాఠకుడికి ఆ గోల్ రెండింతలు అందంగా ఉంటుంది. తన పాత పని అతని కాలు ఇంకా మరచిపోలేదని వాడికి వాడే గ్రహిస్తాడు. నువ్వు చెప్పక్కర్లేదు.

దాని వెనకే ఆ ఏడాది మే నెల రావాలి. పోర్టోతో మ్యాచ్‌లో ఆట అయిపోయాక ఇచ్చిన అదనపు నిమిషాల్లో బెన్ఫికావాళ్లు గోల్ తిని లీగ్‌ని చేజార్చుకున్నారు. నాలుగు రోజులకు ఆమ్‌స్టర్‌డామ్‌లో యూరోపా లీగ్ ఫైనల్. ఎదురుగా ఎవరు? అతన్ని వదిలేసిన చెల్సీ. మళ్లీ అదనపు సమయంలోనే కార్నర్ నుంచి తలతో గోల్ కొట్టి ఓడించింది ఎవరు? సాటి సెర్బియావాడు ఇవానోవిచ్. నెలాఖరుకు పోర్చుగల్ కప్ ఫైనల్ కూడా పోయింది. పదహారు రోజుల్లో మూడు. ఇక్కడ నువ్వు "విధి వక్రించింది" అని రాశావు. కొట్టేశాను. మూడు తేదీలు, మూడు స్కోర్లు వరసగా పెట్టు చాలు. పాఠకుడి కడుపులో దేవుతుంది.

దగ్గరగా చూపించాల్సిన ఇంకో రోజు 2015 ఫిబ్రవరి 21. స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో బర్న్‌లీతో మ్యాచ్. ఆష్లీ బార్న్స్ కాలు బూటు అడుగుతో సహా మాటిచ్ మోకాలి కింద దిగింది. ఆ టీవీ దృశ్యంలో కాలు వంగిన తీరు చూస్తే ఇప్పటికీ కళ్లు మూసుకుంటాను. రిఫరీ ఫౌల్ ఇవ్వలేదు. మాటిచ్ లేచాడు, పరుగెత్తి వెళ్లి బార్న్స్‌ని తోసేశాడు. రెడ్ కార్డ్. నిషేధాన్ని మూడు మ్యాచ్‌ల నుంచి రెండుకు తగ్గించినా, మార్చి 1న వెంబ్లీలో జరిగిన లీగ్ కప్ ఫైనల్ తప్పిపోయింది. చెల్సీ గెలిచింది. కప్పు అందుకునే వేళకి అతను సూటు విప్పేసి, ఆడినవాళ్లలాగే జెర్సీ, నిక్కరు, మేజోళ్లు వేసుకుని వచ్చి వాళ్ల మధ్య నిలబడ్డాడు. నీ వ్యాసంలో రెడ్ కార్డ్ ఉంది, ఈ జెర్సీ లేదు. నాకైతే ఆ మనిషి అక్కడే దొరికాడు. అదే ఏడాది అక్టోబర్లో సౌతాంప్టన్ మీద విరామం తర్వాత మైదానంలోకి పంపి 28 నిమిషాలకే వెనక్కి పిలిచేశాడు మౌరీన్యో. అది కూడా చేర్చు. తనను తిరిగి తెచ్చుకున్న మేనేజరే, తర్వాత మాంచెస్టర్‌కీ, 2022లో రోమాకీ పిలిపించుకున్న మేనేజరే, వేలమంది ముందు ఆ పని చేశాడు. ఆ ఇద్దరి మధ్య బంధం గురించి నీకు ఇంతకంటే మంచి దృశ్యం దొరకదు.

ఇక నీ వ్యాసంలో నన్ను ఇబ్బంది పెట్టిన పేరా. 2018 నవంబర్లో ఇంగ్లండ్ క్లబ్బుల ఆటగాళ్లు జెర్సీల మీద ఎర్ర పువ్వు గుర్తు వేసుకున్నప్పుడు మాటిచ్ వేసుకోలేదు. నువ్వు వెంటనే అతని పక్షాన నిలబడి వాదించావు. వాదం పక్కన పెట్టు తల్లీ. ఆ పువ్వు ఇంగ్లండ్ వాళ్లకి ఏమిటో ముందు చెప్పు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగిరాని కొడుకుల గుర్తు అది. తర్వాత 1999 వసంతంలో నాటో విమానాలు 78 రోజులు బాంబులు వేసిన దేశంలో, వ్రేలోలో బిక్కుబిక్కుమంటూ ఉన్న చిన్న పిల్లవాణ్ణి చూపించు. ఆ గుర్తు తనకు ఆ రోజుల్నే తలపిస్తుందని, ఇతరులు ఎందుకు పెట్టుకుంటారో తనకు పూర్తిగా అర్థమవుతుందని, ఎవరి మనసూ నొప్పించాలని లేదని అతనే ప్రకటించాడు. అతను రెండు వైపుల బాధనూ ఒక్క ప్రకటనలో పెట్టగలిగాడు. అతని గురించి రాసే మనం అంతకంటే తక్కువ చేయకూడదు.

పేర్ల సంగతి. "నెమాంజా మ్యాటిక్" అని రాశావు. ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసినట్టున్నావు. నెమాన్యా మాటిచ్ అనాలి. సెర్బియన్‌లో పలికినట్టే రాస్తారు, రాసినట్టే చదువుతారు. పందొమ్మిదో శతాబ్దంలో వూక్ కరాజిచ్ ఆ భాషకు అలాంటి లిపి ఏర్పాటు చేశాడు. ఆ విషయంలో వాళ్లు మనకు దగ్గరివాళ్లు. కొషిత్సే, షాబాత్స్ పేర్లలో వచ్చే ఆ "త్స్" ఉంది చూడు, అది మన చాప, చలి, చుక్క మాటల్లో పలికే "చ"యే. ఇంగ్లీషువాడికి కష్టమేమో గానీ నీకూ నాకూ నోట్లో ఉన్న ధ్వని. పరాయి ఊరి మనిషి పేరు సరిగ్గా పలకడం మర్యాదలో మొదటి మెట్టు.

తెలుగు పాఠకుడికి దగ్గర చేయాలని మాటిచ్‌ని రాహుల్ ద్రావిడ్‌తో పోల్చావు. తీసేయి. పోలిక తప్పని కాదు, అరువు తెచ్చినట్టుంది. నిజమైన బంధుత్వం వేరే ఉంది, అది వాడుకో. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో అప్పట్లో సెర్బియా కూడా భాగమైన యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో సెమీఫైనల్ దాకా వెళ్తే ఎదురైంది మళ్లీ యుగోస్లావియాయే. మొదటి గోల్ మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడాం. రెండుసార్లూ కోచ్ మన హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్. రెండు ఒలింపిక్ జట్లలోనూ ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ హాఫ్‌బ్యాక్ నూర్ మొహమ్మద్ అచ్చంగా మాటిచ్ పని చేసినవాడే. ఒక్క పేరా చాలు దీనికి. కథ సెర్బియావాడిది, మనం గుమ్మం దగ్గర నిలబడి పలకరిస్తే సరిపోతుంది.

చివరి భాగం, రోమా, రెన్, లియాన్ క్లబ్బుల కాలం, త్వరగా ముగించావు, అలాగే ఉంచు. బుడాపెస్ట్‌లో 2023 యూరోపా లీగ్ ఫైనల్ పెనాల్టీల్లో పోయిన రాత్రిని మాత్రం వదలకు. ఆమ్‌స్టర్‌డామ్ తర్వాత పదేళ్లకు అదే కప్పు మళ్లీ చేజారింది.

తిరగరాసేముందు ఒక పని చెయ్యి. 2017 ఏప్రిల్ 22, ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్, చెల్సీ, టాటెన్‌హామ్. 80వ నిమిషంలో అతను దూరం నుంచి కొట్టిన బంతి క్రాస్‌బార్ అడుగున తగిలి లోపల పడింది. హైలైట్స్ వద్దు, మొత్తం మ్యాచ్ సంపాదించు. 70వ నిమిషం నుంచి 80 దాకా బంతిని చూడకు, మాటిచ్‌ని ఒక్కణ్ణే చూడు. ఎక్కడ నిలబడ్డాడు, ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరికి చేయి చూపించాడు, బంతి రాకపోయినా ఎటు పరుగెత్తాడు, అన్నీ కాగితం మీద పెట్టు. గోల్ దగ్గరకు రాగానే కలం ఆపెయ్. ఆ పది నిమిషాల కాగితాలు నాకు పంపు. చేతిరాతలోనే పంపు, టైపు చేసే పని పెట్టుకోకు. వచ్చే నెల పదో తేదీ దాకా ఈ చిరునామాలోనే ఉంటాను.

మీ తాతగారిని అడిగానని చెప్పు.