నెలసరి నొప్పికి హార్మోన్ మాత్రలు వాడవచ్చా?

ప్రశ్న: నా వయసు 22. నెలసరి మొదటి రెండు రోజులు కడుపునొప్పితో లేవలేకపోతున్నాను. డాక్టరు హార్మోన్ మాత్రలు రాశారు. అవి వాడితే పెళ్లయ్యాక పిల్లలు పుట్టరని అమ్మ భయపడుతోంది. ఏం చేయాలి?

జవాబు: లేవలేనంత నొప్పిని ఓర్చుకోవలసిన పని లేదు, డాక్టరును కలిసి మంచి పని చేశారు. గర్భాశయపు లోపొరలో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కండరాన్ని గట్టిగా బిగించడం వల్ల ఈ నొప్పి వస్తుంది. ఈ మాత్రలు ఆ పొరను పలుచగా ఉంచి, వాటి ఉత్పత్తిని తగ్గిస్తాయి. మానేశాక అండం విడుదల మళ్లీ మొదలవుతుంది కనుక సంతానానికి అడ్డు కావు. ఈ మాట అమ్మగారికి డాక్టరు చేతనే చెప్పించండి. అయితే కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, అధిక రక్తపోటు, రక్తనాళాల్లో రక్తపు గడ్డలు మీకు ఉన్నా, కుటుంబంలో ఎవరికైనా గడ్డలు కట్టినా, మాత్ర మొదలుపెట్టక ముందే చెప్పాలి. మూడు నెలలు వాడినా నొప్పి తగ్గకపోతే ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉందేమో అడగండి. స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన అది లేదని చెప్పలేం.