‘స్త్రీవాదం’ ఏ బీరువాలో ఉంటుంది?

ప్రశ్న: తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. 1900–1940 మధ్య తెలుగు స్త్రీల రచనల్లో స్త్రీవాద ఆలోచన నా అంశం. ముందు సైద్ధాంతిక నేపథ్యం రాసుకురమ్మన్నారు మా గైడుగారు. యూనివర్సిటీ లైబ్రరీ కంప్యూటర్లో ‘స్త్రీవాదం’ అని కొడితే పదకొండు పుస్తకాలు వచ్చాయి, అన్నీ 1990 తర్వాతవే. ఇంగ్లిష్‌లో వెతికితే లెక్కలేనన్ని. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతారా?
– ఒక పరిశోధక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మా, మీకు కావలసిన పుస్తకాలు ఉన్నాయి. మీరు అడిగిన మాటే వాటికి తెలియదు. ‘స్త్రీవాదం’ అన్న మాట మనకు బాగా వాడుకలోకి వచ్చింది 1980ల తర్వాత. 1910లో రాసినావిడ ఆ మాట ఎరగదు, ఆవిడ పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కించిన గుమాస్తా అసలే ఎరగడు. ఆ కాలం మాటలతో వెతకండి. స్త్రీవిద్య, స్త్రీ స్వాతంత్ర్యం, స్త్రీధర్మం, వితంతు వివాహం, సంఘసంస్కరణ, పాతివ్రత్యం. చివరి మాట చూసి పక్కన పెట్టేయకండి. అట్ట మీద పాతివ్రత్యం అని వేసి, లోపల చదువు గురించీ ఆస్తి గురించీ గట్టిగా మాట్లాడిన ఆడవాళ్లు ఉన్నారు.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. మన కేటలాగుల్లో తెలుగు పేర్లను చాలాచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు. ‘స్త్రీ’ చివర ఒకరు ఐ పెడతారు, ఒకరు రెండు ఈలు పెడతారు, ఇంకొకరు మధ్యలో హెచ్ చేరుస్తారు. మూడూ కొట్టి చూడాలి. భండారు అచ్చమాంబగారు ‘భండారు’ కింద లేకపోతే ‘అచ్చమాంబ’ కింద, అక్కడా లేకపోతే ‘శ్రీమతి’ కింద చూడండి. ఆవిడ ‘ధనత్రయోదశి’ కథ 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చింది కాబట్టి, రచయిత పేరుతో పుస్తకాల జాబితా మాత్రమే తిరగేస్తే అది మీ కంట పడదు.

పత్రికల సంగతి వచ్చింది కాబట్టి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా లైబ్రరీలో ‘గృహలక్ష్మి’ బైండు వాల్యూములు వంటలు, కుట్లు, అల్లికల పుస్తకాల పక్కన ఉండేవి. పేరు చూసి ఎవరో గృహవిజ్ఞానం నంబరు 640 వేసేశారు. నాలుగేళ్లు నేనూ వాటిని అక్కడే ఉంచి దుమ్ము దులిపాను. ఒక వేసవిలో బైండింగుకు పంపడానికి పేజీలు సరిచూస్తూ కనుపర్తి వరలక్ష్మమ్మగారి ‘శారద లేఖలు’ దగ్గర ఆగిపోయాను. స్నేహితురాలికి రాసే ఉత్తరాల మాదిరిగా ఉంటాయి. ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగుకు పెంచిన 1929 నాటి శారదా చట్టం గొడవ అంతా ఇల్లాలి మాటల్లోనే నడుస్తుంది. మర్నాడు ‘స్త్రీలు – సాంఘిక స్థితి’ అని మరో కార్డు రాసి, 305.42 నంబరు దగ్గర డ్రాయరులో పెట్టాను. ఆ నాలుగేళ్లలో ఎంతమంది అడిగి లేదనిపించుకుని వెళ్లిపోయారో అన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ తరం ఆడవాళ్ల సిద్ధాంతం మీకు ‘సిద్ధాంతం’ అన్న బీరువాలో దొరకదు. ఉత్తరాల్లో ఉంటుంది, సభల్లో చదివిన ఉపన్యాసాల్లో ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువగా పీఠికల్లో ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యం ‘రాధికాసాంత్వనము’ను గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో అచ్చువేయించారు. అందులో స్త్రీలు వినరాని శృంగారం ఉందని వీరేశలింగంగారు అంతకుముందే రాసి ఉన్నారు. మగవాళ్ల కావ్యాల్లో అలాంటి వర్ణనలు ఉండగా సిగ్గు ఆడవాళ్లకు మాత్రమే ఎందుకని నాగరత్నమ్మగారు పీఠికలో నిలదీశారు. తర్వాత ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో. మీ సైద్ధాంతిక అధ్యాయం ఆ పీఠికతో మొదలుపెడితే కాదనేవాళ్లు ఎవరు?

ఇంగ్లిష్‌లో వేల పుస్తకాల మధ్య మునిగిపోకుండా ఒక్కటి పట్టుకోండి. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’, మొదటి సంపుటం, 1991. దాని పరిచయ వ్యాసం ముద్దుపళని కథతోనే మొదలవుతుంది. షోవాల్టర్, గిల్బర్ట్, గూబర్ లాంటి అమెరికన్ విమర్శకుల పద్ధతి మన పాఠాలకు ఎంతవరకు పనికొస్తుందో అందులో తరచి చూస్తారు. ఆ వ్యాసం అధోజ్ఞాపికల్లోంచి (ఫుట్‌నోట్లలోంచి) పేర్లు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటే మీ ఇంగ్లిష్ జాబితా తయారైనట్టే. తర్వాత ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’ స్త్రీ అధ్యయనాల ప్రత్యేక విభాగాలు, 1994 నుంచి వస్తున్న ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ జెండర్ స్టడీస్’ చూడండి. వీటికి మీరు డబ్బు కట్టే ముందు, మీ లైబ్రేరియన్‌ను ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ గురించి అడగండి. 2025 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు ఎన్నో జర్నల్స్ దాని కింద అందుతున్నాయి.

పీహెచ్‌డీ పరిశోధనలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో తెలుగు సిద్ధాంత గ్రంథాలు చాలామట్టుకు స్కాను చేసిన పేజీలు. లోపలి మాటలు వెతికితే దొరకవు. అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి, మీ అంశానికి దగ్గరగా ఉన్నవాటిలో ముందు ఉపయుక్త గ్రంథసూచి ఫైలు తెరవండి.

ఇక ప్రయాణాలు. హైదరాబాదులో 1985 నుంచి పనిచేస్తున్న స్త్రీ అధ్యయన కేంద్రం ‘అన్వేషి’ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఒక విడత. పాత పత్రికల కోసం 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఇంకో విడత. గైడుగారి సంతకంతో ఉత్తరం పట్టుకెళ్లండి, ఫోటోలు తీయడానికి ముందే అనుమతి అడగండి. ఒక జాగ్రత్త. ఆ కాలపు పత్రికల మీద చాలాసార్లు తెలుగు సంవత్సరమే ఉంటుంది. ‘ప్రమోదూత’ చూసి 1930 అని రాసేస్తారు. ప్రమోదూత మాఘమాసం వచ్చేది 1931లో. సంవత్సరంతోపాటు నెల కూడా ఉన్నదున్నట్టు రాసుకోండి.

ప్రశ్న: మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో పాత ‘గృహలక్ష్మి’ సంచికలు ఇరవై దాకా దొరికాయి. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. లామినేషన్ చేయించి ఉంచుకోమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వద్దమ్మా, లామినేషన్ వద్దే వద్దు. సెలోటేపు కూడా అంటించకండి, కొన్నేళ్లకు పసుపు మరక దిగి అక్షరాలు పోతాయి. తుప్పుపట్టిన పిన్నులుంటే మెల్లగా తీసేయండి. ఎండలో పెట్టకుండా, ఉతికిన తెల్లటి నూలుగుడ్డలో చుట్టి, గట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. ప్రతి సంచికకూ ముఖచిత్రం, విషయసూచిక ఫోన్లో ఫోటో తీయండి. లైబ్రరీకి ఇవ్వాలనిపిస్తే విరాళాల రిజిస్టరులో సంచికవారీగా ఎక్కించమని అడిగి, నంబర్లు రాయించుకోండి. ‘పాత పత్రికలు – ఒక కట్ట’ అని రాస్తే అవి మళ్లీ ఎవరికీ దొరకవు. మీ అమ్మమ్మగారు పక్కన పెన్సిలుతో ఏమైనా రాసుకుని ఉంటే తుడవకండి. ఆవిడ ఏ ఊళ్లో ఉండగా తెప్పించుకునేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. విషయసూచికల ఫోటోలు ఈ పత్రిక చిరునామాకు పంపితే అనంతపురం అమ్మాయికి నేనే చేరవేస్తాను.